చెరువు శిఖం నుంచి పత్తిచేను దాకా: వలస పక్షుల కోసం ఒక రోజు

వరంగల్‌లో ఉండేవాళ్లకు సముద్రం దూరం. అయినా మంగోలియా, సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి శరత్కాలంలో దక్షిణానికి దిగివచ్చే పక్షులకు సముద్రమే కావాలన్న నియమం ఏమీ లేదు. ముక్కు దించితే పురుగు దొరికే మెత్తని బురద, మోకాలు మునగని నీరు, శత్రువు వస్తే దూరం నుంచే కనిపించే బయలు ఉంటే వాటికి చాలు. ఆ మూడూ మన చెరువుల శిఖంలోనూ (కట్టకు ఎదురుగా నీరు పలచబడే అంచు), కోతలైన వరి మడుల్లోనూ ఉన్నాయి. కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించిన చెరువులు వందల ఏళ్లుగా ఆ పక్షులకు తీరంలాగే ఉపయోగపడుతున్నాయి. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు నెలాఖరు లోపు ఒక రోజు తీరిక చేసుకుని, తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా వాటిని ఎలా చూడాలో క్రమంగా చెబుతాను.

రోజును ఎంచుకోవడం

ముందుగా ఏ పక్షిని చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి, ఎందుకంటే అన్నీ ఒకేసారి రావు. గ్రీన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్ వంటి ఉల్లంకి పిట్టలు ఆగస్టులోనే కనిపించడం మొదలవుతుంది. గులాబీ గోరింకలు, బూడిదరంగు కాటుకపిట్టలు (వాగ్‌టెయిల్), బ్రౌన్ ష్రైక్‌లు, వానకోయిలలు (స్వాలో) సెప్టెంబరులో చేరతాయి. బాతులలో గార్గెనీ ముందుగా వస్తుంది. సూదితోక బాతులు, వెడల్పు ముక్కు షవెలర్లు నవంబరులో పెరుగుతాయి. తల మీద రెండు నల్లని పట్టీలున్న బార్‌హెడెడ్ గూస్ సాధారణంగా ఇంకా ఆలస్యంగా, చలి ముదిరాక పెద్ద జలాశయాల మీద దిగుతుంది. హిమాలయాలు దాటేటప్పుడు ఆ పక్షి 7000 మీటర్లకు పైన ఎగిరినట్లు ఉపగ్రహ పరికరాలు కట్టిన పరిశోధకులు నమోదు చేశారు. దానికోసం అక్టోబరులో వెదికి నిరాశపడకండి, డిసెంబరు దాకా ఓపిక పట్టండి.

అన్ని రకాలూ కొంచెం కొంచెంగా చూడాలంటే నా అనుభవంలో దసరా నుంచి దీపావళి మధ్య రోజులే అనువైనవి. నైరుతి ఋతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా మన ప్రాంతం నుంచి సాధారణంగా వెనుదిరుగుతాయి. ముసురు పట్టి విడిచిన మరునాటి ఉదయం దొరికితే వదులుకోకండి. రాత్రిపూట ప్రయాణం చేసే చిన్న పక్షులు చాలా వరకు వానకు ఆగిపోయి, కడుపు నింపుకోవడానికి అందుబాటులో ఉన్న చేలలో దిగి ఉంటాయి.

దసరా మాట వచ్చింది కనుక ఒక విషయం చెప్పాలి. ఆ రోజు పాలపిట్టను చూడటం మన ఆచారం, అది మన రాష్ట్ర పక్షి కూడా. కానీ పంజరంలో పెట్టి, రెక్కలు కట్టేసి గుడి ముందర చూపించే పిట్టకు రూపాయి కూడా ఇవ్వకండి. పట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అంతకు మించి, అలా పట్టిన పిట్టల్లో చాలా వాటికి మళ్లీ ఎగిరే శక్తి మిగలదు. ఊరి బయట కరెంటు తీగ మీద, కోసిన మక్కచేను అంచున అరగంట ఓపికగా నిలబడితే పాలపిట్ట తనంతట తానే కనిపిస్తుంది.

చెరువును ఎంచుకోవడం

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. పెద్ద చెరువులో ఎక్కువ పక్షులుంటాయని అనుకుని అక్టోబరులో నిండుగా ఉన్న జలాశయం కట్ట మీదికి వెళతారు. మత్తడి పోస్తున్న చెరువులో బురద అంచు ఉండదు, అందువల్ల ఉల్లంకి పిట్టలకు నిలబడే చోటు ఉండదు. బాతులు ఉన్నా అవి నడిమధ్యన చుక్కల్లా కనిపిస్తాయి. శరత్కాలం మొదటి భాగంలో చిన్న కుంటలు, ఎగువన తొందరగా నీరు తగ్గే చెరువులు, పల్లంలో నీరు నిలిచిన పొలాలు మేలు. ధర్మసాగర్, రామప్ప, లక్నవరం, కరీంనగర్ వద్ద లోయర్ మానేరు, ఇంకా ఉత్తరాన శ్రీరామసాగర్ వంటి పెద్ద నీళ్లను నవంబరు తరువాతికి, బాతుల కోసం, ఉంచుకోండి.

కట్ట ఎప్పుడూ లోతు వైపు ఉంటుంది. దానికి ఎదురుగా నీరు పల్చగా పరుచుకుని, తుంగ, జమ్ము, అక్కడక్కడ సర్కారు తుమ్మతో కలిసిపోయే చోటునే మన ఊళ్లలో శిఖం అంటారు. మీరు చేరవలసింది అక్కడికి. ముందు రోజు ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి, చెరువు ఏ వైపు వెడల్పుగా పలచబడుతున్నదో, అక్కడికి బండిబాట ఉన్నదో లేదో చూసుకోండి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో కొన్నిచోట్ల ఒడ్డు నిటారుగా తెగి ఉంటుంది. అటువంటి వైపు వదిలి ఏటవాలుగా ఉన్న ఒడ్డును ఎంచుకోండి. గుర్రపుడెక్క మొత్తం కమ్మేసిన కుంటలో నీటికోళ్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు.

పటం కన్నా మంచి ఆధారం మనిషి. చెరువు కింద నీళ్లు వదిలే నీరటిని, వల వేసే మత్స్యకారులను ఒక్క మాట అడగండి: “అన్నా, ఈసారి కొత్త బాతులు ఏ దిక్కు దిగుతున్నయి?” అని అడిగితే, పేర్లు తెలియకపోయినా ఏ మూలన ఎన్ని ఉన్నాయో వాళ్లు సరిగ్గా చెబుతారు. వాళ్ల జీవనం ఆ నీటి మీద కనుక, వాళ్ల వలలకు, తెప్పలకు అడ్డం రాకుండా నిలబడటం మన మర్యాద.

వెంట తీసుకెళ్లవలసినవి

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందున్న అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. కొత్తవాళ్లకు ఇదే సరైనది. పది రెట్లది చేతి వణుకును కూడా పది రెట్లు చూపిస్తుంది. మట్టిరంగు బట్టలు, తడిసినా పరవాలేని బూట్లు, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, మంచుకు కాగితం మెత్తబడితే సిరా పాకుతుంది.

ఒంటరిగా వెళ్లకండి. వరి ఒరాల (గట్ల) మీద రక్తపింజర ఉండవచ్చు కనుక అడుగు వేసే చోటు చూసి వేయండి. మన చేలలో గట్టు లేని వ్యవసాయ బావులు గడ్డిలో కప్పబడి ఉంటాయి. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని నడవడం ఎప్పుడూ చేయకూడదు, ఆగి చూడాలి, దించి నడవాలి. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు కట్టడం వల్ల మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి, అందుచేత వెలుతురు రాకముందు, చీకటి పడ్డాక పంటచేలోకి దిగవద్దు. బండిబాట మీదనే ఉండండి.

ఉదయం: శిఖంలో

అక్టోబరులో ఇక్కడ ఆరు గంటల ప్రాంతంలో సూర్యోదయం అవుతుంది. ఐదున్నరకల్లా చోటు చేరుకోండి. సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా, అంటే నీటికి తూర్పు వైపున నిలబడాలి. వెలుగుకు ఎదురుగా చూస్తే ప్రతి ఉల్లంకీ నల్లని నీడలాగే కనిపించి, కాళ్ల రంగు తెలియక గుర్తింపు అక్కడే ఆగిపోతుంది.

ఒడ్డుకు నేరుగా నడిచి వెళ్లవద్దు. దూరంగా ఒక తుమ్మచెట్టునో తాటిచెట్టునో ఆనుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడి, తరువాత పది అడుగులు వేసి మళ్లీ ఆగండి. తీతువు పిట్ట అరవడం మొదలుపెట్టిందంటే మీరు కనిపించారని అర్థం. అది లేస్తే చుట్టూ ఉన్న పక్షులన్నీ లేస్తాయి. వెంటనే ఆగి కూర్చోండి, అది సద్దుమణిగాకనే కదలండి. పక్షులు మేయడం మాని తలలెత్తి ఒకే దిక్కు చూస్తుంటే మీరు మరీ దగ్గరకు వచ్చారు, నాలుగు అడుగులు వెనక్కి వేయండి. వేల కిలోమీటర్లు ఎగిరి అలసి దిగిన పక్షికి తిండి దొరికే ప్రతి నిమిషమూ విలువైనది. మంచి ఫోటో కోసం దానిని మూడుసార్లు లేపడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

ఇప్పుడు గుర్తింపు. రంగుతో మొదలుపెట్టకండి. పరిమాణం, ముక్కు పొడవు, కాళ్ల రంగు, నడక అనే వరుసలో చూడండి. ఎర్రని పొడవు కాళ్ల బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్ మన కుంటల్లో దాదాపు ఏడాదంతా ఉంటుంది కనుక దానిని కొలబద్దగా పెట్టుకుని, పక్కనున్న పిట్ట అందులో సగమా, పావు వంతా అని లెక్క వేసుకోండి.

నీటి అంచున ఒంటరిగా తిరుగుతూ, ఒక్క క్షణం ఆగకుండా తోకభాగాన్ని కిందికీ పైకీ ఊపుతూ, భుజం ముందు తెల్లని చీలిక కనిపించేది కామన్ శాండ్‌పైపర్. అది ఎగిరినప్పుడు రెక్కలను పూర్తిగా ఎత్తదు, వంచిన రెక్కలతో నీటిని రాసుకున్నట్టు కిందుగా వణుకుతూ పోతుంది. పసుపు ఛాయ కాళ్లు, వీపంతా తెల్లని చుక్కలు, కంటి మీద స్పష్టమైన తెల్ల కనుబొమ ఉంటే వుడ్ శాండ్‌పైపర్. ఇది గుంపుగా కూడా ఉంటుంది, నీరు నిలిచిన వరి మడి దీనికి బాగా ఇష్టం. దీనికన్నా ముదురుగా, కాలువలో, చిన్న గుంటలో ఒంటరిగా ఉండి, లేచినప్పుడు నల్లని రెక్కల అడుగుభాగం, తళుక్కుమనే తెల్లని నడుము చూపించి గట్టిగా కూస్తూ ఎత్తుకు పోయేది గ్రీన్ శాండ్‌పైపర్. ఈ మూడింటిని సందేహం లేకుండా వేరు చేయడం వచ్చాకనే తక్కినవాటి జోలికి వెళ్లండి. నాకు దానికి రెండు శరత్తులు పట్టాయి, ఆ కాలం వృథా కాలేదు.

పిచ్చుకంత పిట్టలు కుట్టుమిషను సూదిలాగా గబగబా బురదను పొడుస్తుంటే అవి స్టింట్‌లు: నల్లని కాళ్లుంటే లిటిల్ స్టింట్, పసుపు ఛాయ కాళ్లుంటే టెమింక్స్ స్టింట్. నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగి, మళ్లీ పరుగెత్తే గుండ్రని తల పిట్ట ప్లవర్; కంటి చుట్టూ పసుపు ఉంగరం ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లవర్. తుంగ దుబ్బులో మీ కాలి దగ్గర నుంచి కీచుమని లేచి వంకరటింకరగా పోయే పొడుగు ముక్కు పక్షి స్నైప్, దానిని మళ్లీ వెదకడం అనవసరం.

ఈ కాలంలో గుర్తుంచుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. పుస్తకాలలో కనిపించే మెరిసే రంగుల మగబాతు అక్టోబరులో అలా ఉండదు. గుడ్లు పెట్టే కాలం ముగిశాక మగబాతులు ఈకలు రాల్చి కొన్ని నెలలు ఆడబాతుల్లాగే గోధుమరంగులో ఉంటాయి. గార్గెనీ మగది ఎగిరినప్పుడు రెక్క ముందు భాగంలోని నీలి బూడిద రంగు పట్టించి ఇస్తుంది. సూదితోకకు సన్నని పొడవైన మెడ, షవెలర్‌కు గరిటెలాంటి ముక్కు ఆనవాళ్లు. ఉల్లంకి పిట్టల్లో పెద్దవి ముందుగా, ఆ ఏడు పుట్టిన పిల్లలు తరువాత వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కనిపించే పిల్లల వీపు మీద ఈకలు కొత్తగా, అంచులు తెల్లగా, చేప పొలుసుల వరుసలా చక్కగా ఉంటాయి. తల్లిదండ్రులు ముందే వెళ్లిపోగా, దారి చూపేవాళ్లు లేకుండా మొదటిసారి ఇంత దూరం వచ్చిన పిల్ల మన కుంటలో మేస్తున్నదని తెలిసినప్పుడు దానిని చూసే చూపే మారిపోతుంది.

ఎండ ఎక్కేకొద్దీ: పొలాలలో

ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యేసరికి చెరువు వదిలి చేల వైపు నడవండి. ఆ వేళకు నీటి మీద వేడి గాలి కదలడం వల్ల దూరం చూపు చెదురుతుంది, చేలలో మాత్రం పురుగులు లేచి పక్షులు చురుకుగా ఉంటాయి. రైతు కనిపిస్తే మొదట పలకరించి, “తాతా, ఒరం మీదికెళ్లి పిట్టలు చూసుకుంట పోతం, పంట తొక్కం” అని చెప్పి, ఆయన సరేనన్నాకనే ముందుకు సాగండి. మందు కొట్టిన వాసన వచ్చే పత్తిచేనుకు దూరంగా ఉండండి.

వరి కోత మిషను నడుస్తున్న పొలం దొరికితే ఆ ఉదయం మీదే. మిషను వెనుక లేచే పురుగుల కోసం కొంగలు, పసిరికలు (బీ-ఈటర్), వానకోయిలలు, కాటుకపిట్టలు వెంటబడతాయి. కోసిన మడిలో గొర్రెల మంద దిగినా అంతే: గొర్రెల కాళ్ల మధ్యనే పసుపు కాటుకపిట్టలు తిరుగుతుంటాయి. కాటుకపిట్టల్లో పెద్దగా, తల నల్లగా, కంటి మీద తెల్లని పట్టీతో ఉండేది ఇక్కడిదే, చెరువు తూము దగ్గర ఏడాదంతా ఉంటుంది. తెల్లని ముఖం, బూడిద రంగు లేదా నల్లని వీపు ఉండేది వలస వచ్చింది. తోక అన్నిటికన్నా పొడవుగా ఉండి, తోక మొదట పసుపుగా ఉండేది బూడిదరంగు కాటుకపిట్ట. అది పారే కాలువ అంచున ఉంటుంది. శరత్తులో కాటుకపిట్ట కనబడటం శుభమని మన పెద్దలు నమ్మడానికి కారణం, వానలు వెలిసి అది మళ్లీ వచ్చే కాలం అదే కావడం కావచ్చు.

పత్తిచేనులో ప్రతి వరుసనూ చూడనక్కర లేదు, మొక్కల కొనలను మాత్రం చూపుతో దువ్వుకుంటూ పోండి. కొన మీద నిటారుగా కూర్చుని, కిందికి దూకి పురుగు పట్టి మళ్లీ అదే కొనకు వచ్చే చిన్న పిట్ట సైబీరియన్ స్టోన్‌చాట్ కావచ్చు. దానిని మన ఊరి పైడ్ బుష్‌చాట్‌తో పోల్చి చూడాలి: బుష్‌చాట్ మగది నల్లగా, రెక్క మీద తెల్ల మచ్చతో ఉంటుంది, ఆడది ముదురు గోధుమ రంగు, స్టోన్‌చాట్ లేతగా, రొమ్ము నారింజ ఛాయతో ఉంటుంది. కంచె మీది ముళ్లకొమ్మపై కంటికి నల్లని గంతలు కట్టుకున్నట్టు ఉండే గోధుమరంగు పక్షి బ్రౌన్ ష్రైక్. పొలం మీద నాలుగైదు అడుగుల ఎత్తున రెక్కలు పైకి వంచి, తూలుతూ, మడి మడినీ వెదికే సన్నని డేగ కనిపిస్తే అది హారియర్. నీటి అంచున ముదురు గోధుమరంగులో ఉండేది మార్ష్ హారియర్. చెలక భూముల మీద తిరిగే గోధుమరంగు ఆడవాటిలో మాంటేగ్యూస్, పాలిడ్ అనే రెండింటినీ వేరు చేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. తెలియనప్పుడు “హారియర్, జాతి తేలలేదు” అని రాసుకోవడమే నిజాయితీ.

జొన్నచేను ఉంటే ఆగండి. గులాబీ గోరింకలు వందలుగా దిగేది అక్కడే. తూర్పు ఐరోపా, మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో గూళ్లు పెట్టే ఈ పక్షులను జొన్న తింటాయని రైతులు తరుముతారు, అది వాళ్ల కష్టం. అవి మిడతలనూ పెద్ద సంఖ్యలో తింటాయని ఆ రైతుతో ఒక మాట చెప్పవచ్చు, వాదన మాత్రం వద్దు. పిల్లలు ఇసుకరంగులో, పసుపు ముక్కుతో ఉంటాయి కనుక వాటిని వేరే జాతి అని పొరబడకండి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చెట్టు కింద సద్ది తిని, ఉదయపు లెక్కలు శుభ్రంగా రాసుకోండి.

సాయంత్రం: పెద్ద నీరు

మూడు గంటలకు బయలుదేరి, ఈసారి బాతుల కోసం కాకపోయినా, పెద్ద చెరువు చేరుకోండి. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, నర్సంపేట మీదుగా వెళ్లే పాకాల నా మొదటి ఎంపిక. 1213 ప్రాంతంలో గణపతిదేవుని కాలంలో కట్టిన ఆ చెరువు చుట్టూ అభయారణ్యం ఉంది, కనుక అటవీశాఖ అనుమతించిన చోట్లకే వెళ్లి, వాళ్లు చెప్పిన వేళకు బయటికి రావాలి. ఇప్పుడు సూర్యుడు పడమట ఉన్నాడు కనుక నీటికి పడమటి వైపు చేరండి. నీటి మీద వంగి ఎగురుతూ ఉపరితలం నుంచి ముక్కుతో తిండి ఏరుకునే చిన్న బూడిదరంగు విస్కర్డ్ టెర్న్‌లు, ఎండిన మోడు మీద చేపతో కూర్చున్న ఆస్ప్రే, ఒడ్డు చెట్లలో రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ దొరికే అవకాశం ఉంది. అడవి అంచున ఈ కాలంలో వలస దారిలో ఉన్న నవరంగ్ పిట్ట నేల మీద ఆకులు తిరగేస్తూ కనిపిస్తే, గొంతెత్తకుండా అక్కడే కూర్చోండి.

పొద్దు వాలేటప్పుడు బండిబాట పక్కన జమ్ము పొదలకు ఎదురుగా నిలబడండి. కాటుకపిట్టలు ఒక్కొక్కటిగా, గోరింకలు గుంపులుగా, వానకోయిలలు తీగల మీద బారులు తీరి రాత్రి బసకు చేరతాయి. పగలు చేలలో చెదిరిపోయి కనిపించని సంఖ్య ఇక్కడ ఒక్కచోట తేలుతుంది.

లెక్క రాయడం

గుంపును లెక్కించడానికి ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో చూసి, గుంపు మొత్తంలో అంత జాగాలు ఎన్ని ఉన్నాయో కొలవండి. ‘చాలా’ అని రాసిన మాటతో తరువాత ఎవరికీ ఉపయోగం ఉండదు. 140 అని రాస్తే, అది అటూ ఇటూ అయినా, ఉపయోగం ఉంటుంది. ఊరు, చెరువు పేరు, తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నడిచిన దూరం, నీరు ఎంత ఉన్నది, మబ్బా ఎండా అన్నవి తప్పక రాయాలి. చెరువుకు ఒక జాబితా, పొలానికి ఒక జాబితా విడిగా ఉంచండి.

ఇంటికి వచ్చాక వాటిని 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల మొదలుపెట్టిన ఈ-బర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేయండి. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ, కాకినీ గోరింకనూ సైతం, చేర్చినప్పుడే అది సంపూర్ణ జాబితా అవుతుంది. అరుదైనవి మాత్రమే రాస్తే, తక్కినవి లేవో, మీరు రాయలేదో చదివేవాళ్లకు తెలియదు. ఫోనులోని మెర్లిన్ అనే యాప్ కూతను విని పేరు సూచిస్తుంది, కానీ కంటితో చూడనిదే ఆ పేరును జాబితాలో పెట్టకండి. 1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసి ఊరూ తేదీ రాసి ఉంచారు కనుకనే, ఇవాళ ఏ పక్షి తగ్గిందో ఏది నిలిచిందో పోల్చడానికి మనకు ఒక ఆధారం ఉంది.

వలలు పన్నినట్టు, నీటి అంచున విషం కలిపిన గింజలు చల్లినట్టు కనిపిస్తే మీరు వాదనకు దిగకుండా, చోటు గుర్తుపెట్టుకుని అటవీశాఖ అధికారులకు అదే రోజు తెలియజేయండి.

పదిహేను రోజుల తరువాత అదే శిఖానికి, అదే తుమ్మచెట్టు కిందికి, అదే వేళకు మళ్లీ వెళ్లండి. నీరు రెండు మూడు గజాలు వెనక్కి తగ్గి ఉంటుంది, కొత్త బురద తేలి ఉంటుంది, మొదటిసారి పన్నెండు వుడ్ శాండ్‌పైపర్‌లు ఉన్న చోట ఎన్ని ఉన్నాయో ముందుగా లెక్కపెట్టండి. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన నాటికి అదే చెరువు లెక్కలు మీ దగ్గర ఆరేడు విడతలవి చేరతాయి.